వందనంలో ఒక సున్న

ఇది జరిగిన ఊరు ద్రాక్షారామమో రామచంద్రపురమో చెప్పేవారికి ఇప్పుడు రూఢిగా గుర్తు లేదు. పళ్లెం ఇత్తడిదో స్టీలుదో అన్నదీ సందేహమే. పళ్లెంలో ఉన్న మాట మాత్రం మరపు రాలేదు. కథంతా ఆ మాటలోని ఒక్క అక్షరం చుట్టూనే తిరుగుతుంది.

హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసిన సోమయాజులుగారు సాయంత్రాలు తమ ఇంటి అరుగు మీద ఛందస్సు చెప్పేవారు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. కళ్లజోడు తీసి, ఉత్తరీయంతో ముందు ఒక అద్దం, ఆ తరువాత రెండో అద్దం తుడిచి, తిరిగి పెట్టుకునేలోగా అడిగినవారికే తమ ప్రశ్న మీద అనుమానం పుట్టేది. నాలుగేళ్లు ఆయన దగ్గర చదువుకున్న విశాలాక్షి, చివరి పాఠం ముగిసిన నాడు అడిగింది.

"మాస్టారూ, నా చేత్తో చేసినది ఏదైనా మీకు ఇవ్వాలని ఉంది. మీరు నేర్పినదానికి తూగేది ఒక్కటీ తోచడం లేదు. ఏమివ్వను?"

ఆయన రెండు అద్దాలూ తుడిచారు. "నూకరత్నం అని ఒకావిడ ఉండేదమ్మా," అని మొదలుపెట్టారు.

నూకరత్నం చేగోడీలు చేసి అమ్ముకునేది. ఆమెకు చదువు లేదు. కూతురు మణికి రెండో తరగతి వచ్చేదాకా ఒక్క అక్షరమూ నిలవలేదు. ఆ ఏడు సుభాషిణి టీచరు వచ్చింది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని, విసుక్కోకుండా నాలుగు నెలలు దిద్దించింది. ఒకనాడు తల్లి గంపతో బస్సు ఎక్కబోతుంటే మణి కొంగు పట్టుకుని లాగి, "ఇది మన ఊరిది కాదమ్మా, బోర్డు మీద వేరే ఊరుంది," అంది. నూకరత్నం రోడ్డు మీదే గంప దింపి, కూతురి వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపులోని సంతోషాన్ని టీచరుకు ఎలా చేరవేయాలో ఆమెకు తెలియలేదు. ఇంతలో టీచరుకు బదిలీ అయింది.

వీడ్కోలుకు తక్కిన పిల్లలు గడియారాలూ గ్లాసుల సెట్లూ కొంటున్నారని మణి చెప్పింది. నూకరత్నం బాగా ఆలోచించి, టీచరు నేర్పిన అక్షరాలనే టీచరుకు ఇద్దామని నిశ్చయించుకుంది, అదీ చేగోడీ పిండితో. తోడికోడలు విని బుగ్గలు నొక్కుకుంది. "అచ్చరం ముక్క రాదు నీకు. అచ్చరాలతో నీకెందుకే? వంకరగా వచ్చిందంటే నలుగురిలో తల దించుకునేది పిల్లే!"

ఆ మాట నూకరత్నానికి ముల్లులా దిగింది. అయినా మానలేదు. మణి పీట మీద సుద్దముక్కతో 'వందనం' అని రాసింది. తల్లి నువ్వులు కలిపిన పిండిని తాళ్లలా సాగదీసి ఆ గీతల మీదే పరిచింది. నూనెలో 'వ' మూడుసార్లు విరిగింది. విరిగిన ముక్కలను మణి ముట్టుకోలేదు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే పిల్ల అది. "అచ్చరం తింటే చదువు పోద్దమ్మా," అంది భయంగా.

వీడ్కోలు జరిగే శనివారం నాడు పిల్లలకోసం మామూలు చేగోడీల డబ్బా తల్లి పట్టుకుంది. గుడ్డ కప్పిన పళ్లెం పట్టుకుని మణి వెనక నడిచింది. బడిలో అందరి ముందూ హెడ్మాస్టరు గుడ్డ తీసి, కళ్లజోడు సవరించుకుని, పైకి చదివారు.

"వ... ద... నం. వదనం! భేష్! టీచరుగారికి మొహం తెచ్చి ఇచ్చావన్నమాట!"

ఆయన నవ్వితే అందరూ నవ్వారు. ఏది తప్పిందో నూకరత్నానికి తెలియలేదు, తప్పిందని మాత్రం తెలిసింది. తోడికోడలి మాట చెవిలో గింగురుమంది. డబ్బా మూత గట్టిగా పట్టుకుని, కూతురి వైపు చూడటానికి ధైర్యం చాలక నేలచూపులు చూసింది.

సుభాషిణి టీచరు నవ్వలేదు. ఆమె పళ్లెం వైపు కాక మణి వైపు చూస్తోంది.

"మణీ, ఆ వదనం ఇలా తిప్పు."

పిల్ల తిప్పింది. పెదవి మూల ఒక నువ్వు గింజ అంటుకుని ఉంది.

"సున్న ఏదే?"

"అది అచ్చరం అనుకోలేదండి," అంది మణి. "చేగోడీ అనుకున్నానండి."

"మరి చివరిది ఎందుకు వదిలేశావు?"

"మీకొకటి ఉంచానండి."

అప్పుడు నవ్వింది టీచరు. కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. నూకరత్నం ఇక ఆగలేక ముందుకు వచ్చింది. "ఏం పోయిందండీ? నాకు తెలవదండి."

"ఒక చేగోడీ పోయిందమ్మా. నీ డబ్బాలోది ఒకటి తీసి ఇక్కడ పెట్టు."

నూకరత్నం గుండ్రంగా కుదిరినదాన్ని ఏరి, టీచరు వేలు చూపిన చోట పెట్టింది. పిల్లలంతా ఒక్క గొంతుతో "వందనం!" అని అరిచారు. ఆమె ఆ చేగోడీ వంకా, టీచరు వంకా మార్చి మార్చి చూసింది.

"ఇది అచ్చరవాండీ?"

"అక్షరమే. పండితులు పూర్ణబిందువు అంటారు."

"అయితే పెళ్లయిన కాణ్ణించీ ఇదే రాత్తన్నానండి నేను!" అంది నూకరత్నం. ఈసారి బడంతా నవ్వింది. ఆ నవ్వులో ఆమెదే పెద్ద గొంతు.

హెడ్మాస్టరు చెయ్యి చాచారు. "ఈవేళ నాకు పడాల్సింది సున్నే. ఇటొకటి పెట్టమ్మా."

"రెండేసుకోండి బాబూ," అందామె ధారాళంగా.

విశాలాక్షి చాలాసేపు నవ్వుకుంది. ఆ తరువాత, వదలకుండా అడిగింది. "అయితే నన్నేం తెమ్మంటారు మాస్టారూ?"

సోమయాజులుగారు కళ్లజోడు తీశారు. తుడవలేదు.

"ఏదైనా తే. దారిలో ఓ సున్న తినేసి రా."

పళ్లెంలోని మాటను పైకి చదివి నవ్విన హెడ్మాస్టరుగారి పేరు ఇందులో ఎక్కడా రాయలేదు. అది మరపు వల్ల కాదు.