పెట్టెల పండుకున్న పటం

వచ్చినవా బిడ్డా? కాళ్ళు కడుక్కున్నవా? అయితే గోడ దిక్కు జరుగు, చెల్లెను తొక్కకు. లేదు లేదు, ఇంక మొదలువెట్టలె, నీకోసమే ఆగిన. "అమ్మమ్మా, బొమ్మకు నోరుంటదా" అని చెల్లె అడుగుతుంది. ఉంటది. ఎట్లుంటదో చెప్త, ఊ కొట్టుండ్రి.

అనగనగ ఒక పట్నంల పేద్ద సదువుల బడి ఉండె. యూనివర్సిటీ అంటరు. దాంట్ల పుస్తకాలకే ఒక మేడ, అది లైబ్రరీ. ఆ మేడ మీద ఒక సల్లటి అర్ర ఉండె. ఆ అర్రల తాటాకులు, చేతిరాతలు, మల్లెక్కడా దొరకని వస్తువులు. ఇంటికియ్యరు. చంటిపిల్లల లెక్క చూసుకుంటరు.

గా అర్రల ఒక పొడుగు పెట్టె. పెట్టెల ఒక పటం. గోడకు తగిలించే పటం కాదు బిడ్డా. ముప్పై మూరల బట్ట, దాని నిండ బొమ్మలు, కర్రకు చుట్టి ఉంటది. కథ చెప్పేటాయన ఒక్కో బొమ్మ ఇప్పుకుంట, పాడుకుంట పోతడు. అయితే ఆ పెట్టె మీద ఏం రాసి ఉండెనో తెలుసా? "ఏ కథనో తెల్వదు" అని.

ఆ కథ తెలిసినాయన లోకంల ఒక్కడే ఉన్నడు. ఐలయ్య. చేపలు పట్టేటోళ్ళ వాడలు తిరిగి, వాళ్ళ తాతల కథ పాడుతుండె. ఒక వానకాలం ఆయన ఇల్లు కూలింది. అప్పుడు ఒక కాలేజి సారొచ్చి, "పటం నానిపోతది ఐలన్నా, లైబ్రరీల దాస్త, ఇల్లు లేసినంక ఇస్త" అని తీస్కపోయిండు. మంచోడే. కాని ఇల్లు లేసేటాలకు ఆ సారు కాలం జేసిండు. పటం ఏ పెట్టెలున్నదో ఐలయ్యకు చెప్పేటోళ్ళు లేకపాయె.

పటం లేకుంటే ఐలయ్యకు పాట రాదు. బొమ్మ చూస్తెనే నోరు లేస్తది. బిడ్డ కొంరవ్వకు నేర్పాలన్నా పటం ముందటనే నేర్పాలె. అది వాళ్ళ పద్ధతి. గట్ల ముప్పై ఏండ్లు గడిచినయి.

ఆ తర్వాత ఐలయ్యకు మతిమరుపొచ్చింది. మొదలు పక్కింటోళ్ళ పేర్లు పోయినయి. ఆ తర్వాత ఇంటి తొవ్వ పోయింది. ఒకనాడు అన్నం పెడుతున్న కొంరవ్వను చూసి, "నువ్వెవలమ్మా, మంచిగ పెడుతున్నవ్" అన్నడు.

కొంరవ్వ పొయ్యికాడ కూసొని ఏడ్చింది. పాట గూడ పోతే ఆ కథ ఇగ ఎవలికీ ఉండది కదా. కండ్లు తుడుచుకొని పట్నం బస్సెక్కింది. అక్కడిక్కడ తొవ్వ అడుగుకుంట లైబ్రరీ కాడికొచ్చింది.

గేటుకాడ వాచ్‌మెన్ ఆపిండు. "కార్డుందా?"

"ఉన్నది. రేషన్ కార్డు."

"అది బియ్యానికక్కా! ఇది పుస్తకాలకు." నవ్విండు గాని మంచోడే. "ఆధారు తే, రెండు ఫోటోలు తే. బయటోళ్ళకు గూడ ఇస్తరు."

కార్డు జేపించుకొని రెండోసారి పోయింది. అర్ర చూసుకునే వసుధ మేడం ఎదురొచ్చింది. కొంరవ్వ సంగతంత చెప్పింది. మేడం పెట్టె తెరిచి చూపిచ్చింది. పటం చూడంగనె కొంరవ్వ చెయ్యి చాపింది. మేడం మెల్లగ ఆపింది.

"ముట్టుకోవద్దమ్మా. మీదేనని కాయితం లేదు, ఇంటికియ్యరాదు. ఫోటోలు తీసి కాయితం మీద అచ్చేసి ఇస్త, మీ నాయనకు చూపియ్యి."

కొంరవ్వ ఆ కాయితాలు తెచ్చి నాయన ముందట పెట్టింది. ఐలయ్య అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. "ఇదేందమ్మా, బస్సు టికెట్ లెక్కున్నది?" అన్నడు.

మూడోసారి కొంరవ్వ ఆ కాయితాలు వాపసు తెచ్చింది. మేడం ముందట నిలవడి కొంగుతోని మొకం తుడుచుకుంది. అప్పుడు మేడమే అన్నది, "ఏడాదికోసారి ఈ అర్ర అందరికీ తెరుస్తం. పాత వస్తువులన్ని బయట పెడ్తం. వచ్చే శనివారమే. మీ నాయనను తోలుకరా. పటం ఇంటికి రాదు గాని, నాయన పటం కాడికి రావచ్చు కదా."

శనివారం వచ్చింది. సదువుకునే పిల్లలు, సార్లు, వాచ్‌మెన్ గూడ, అందరు కూసున్నరు. మాటలు పట్టే మిషన్ పెట్టిండ్రు. ఐలయ్య తెల్ల తువ్వాల చుట్టుకొని కుర్చీల కూసుండు. మేడం పటం కర్రకు తగిలించి ఇప్పింది.

ఐలయ్య చూసిండు. దిగ్గున లేసిండు. "పోదాం పా" అన్నడు.

"ఏమైంది తాతా?" అని మేడం అడిగింది. ఆయన దర్వాజ దిక్కు తిరిగిండు. పిల్లలు ఒకల మొకం ఒకలు చూసుకుండ్రు. "ముసలాయనకు యాదికి లేదు పో" అని ఒకడన్నడు.

కొంరవ్వ పటం దిక్కు చూసింది. ముందటి బొమ్మల ఒక ఆమె పాడె మీదున్నది. అప్పుడు సమజయ్యింది. "మేడం, ఇది కడపటి బొమ్మ! మీరు ఫోటోలు తీసుకుంట తీసుకుంట చుట్టిండ్రు, గందుకే సావు పైకొచ్చింది. మొదలు గణపతి రావాలె అని మా నాయన చెప్తుండె. సావుతోని మా నాయన కథ ఎత్తుకోడు."

మేడం తల పట్టుకుంది. బట్ట పాతది, రంగు రాలుతది, బయటోళ్ళు ముట్టరాదు. జనం లేసిపోతున్నరు. మేడం కొంరవ్వ చేతుల దిక్కు చూసింది. "చేతులు కడుక్కొని మంచిగ తుడుచుకో. నువ్వు అటు పట్టు, నేను ఇటు పడ్త" అన్నది.

ఇద్దరు గూడి చుట్టిండ్రు. మెల్లగ, మెల్లగ, గంట పట్టింది. కడాకు గణపతి బయటపడ్డడు.

ఐలయ్య కూసుండు. గొంతు సవరించిండు. పాటెత్తుకుండు. పక్కింటోళ్ళ పేర్లు తెల్వని ఐలయ్య తాతల పేర్లన్ని వరసగ పాడిండు. బొమ్మలల్ల చేపలు ఈదినయి, పడవలు కదిలినయి. వాన రాని ఊరి కోసం ఒక అక్క వాగు కాడికి పోయి, మా ఊరికి రమ్మన్నది. వాగు రానన్నది. అక్క వాగు ముందట కూసున్నది...

పాట ఆగింది. ఐలయ్య ఆ బొమ్మనే చూస్తుండు. నోరు తెరుస్తుండు, మాట వస్తలేదు.

కొంరవ్వ గూడ బొమ్మ చూసింది. సంకన ఎత్తుకునే ఈడుల ఎప్పుడో విన్నది, ఎవలూ నేర్పింది గాదు. దానంతటదే నోట్లకొచ్చింది.

"వాగును కొంగుల ముడేసుకున్నదీ... అక్క ఊరి దిక్కు నడిచినదీ..."

ఐలయ్య దిగ్గున తల తిప్పిండు. "శ్రుతి పెంచవే కొంరవ్వా!" అని కసిరిండు.

పేరు పెట్టి పిలిచిండు బిడ్డా! కొంరవ్వ ఏడుసుకుంట నవ్వుకుంట శ్రుతి పెంచింది. ఇద్దరు గూడి కడపటి బొమ్మ దాక పాడిండ్రు.

అప్పుడు మేడం పెట్టె మీది పాత చీటీ పీకేసింది. "వాగును తెచ్చిన అక్క కథ. చెప్పేటోళ్ళు ఐలయ్య, కొంరవ్వ" అని రాసి అంటించింది. నెలకోనాడు కొంరవ్వ వచ్చి పటం ముందట నేర్చుకోవాలని మాట జేసుకుండ్రు. పటం వెనక్కి చుట్టి గణపతిని పైకి తెచ్చినంక, మేడం దానికి దారం కట్టబోయింది. ఐలయ్య ఆమె చెయ్యి పట్టుకొని ఒక మాటన్నడు. ఆయన అన్నది అన్నట్టే చెప్త, ఇని కండ్లు మూసుకోండ్రి:

"పటం పెట్టెలకు, పాట నోట్లకు, మనం ఇంట్లకు. ముడి వదులుగ కట్టు బిడ్డా, మల్ల ఇప్పాలె."