రాగిచేలో తెల్లబూజు

కొండగోగుల కోన అనే అడవిలో కుందేళ్లు, అడవిపందులు, ఏదుపందులు, నెమళ్లు, ఉడుతలు కాపురం ఉండేవి. దొరికింది తిని తిరిగే రోజులు ఎప్పుడో పోయాయి. కరువు మీద కరువు వచ్చి కడుపులు మాడితే, జంతువులన్నీ తలా ఒక చెక్క నేల బాగుచేసుకుని రాగులు పండించుకోవడం మొదలుపెట్టాయి. ఇవాళ నా చేలో నువ్వు, రేపు నీ చేలో నేను. అలా బదులు పని చేసుకునేవి.

వాగు పక్కన ఒక కుందేలు, దాని పిల్లలు ఉండేవి. తండ్రి కుందేలు ఉచ్చులో పడి చచ్చిపోయింది. ఆ ఏడు రాగులు పండితేనే ఎండాకాలం పిల్లల నోట్లోకి ముద్ద పోయేది. లేకపోతే లేదు.

నారు పీకే రోజు అడవిపంది బదులుకు వచ్చింది. ఆ కోనలో దున్నడమంటే దానిదే. మూతి పెట్టి తోసిందంటే నేల అడుగు నుంచి తిరగబడాల్సిందే. అందుకే దానికి అంత మిడిసిపాటు. కుందేలు పీకిన నారు చూసి అది గుర్రుమంది.

"ఏమిటే కుందేలమ్మా, ఈ వేళ్లకు? బూజు పట్టింది!"

కుందేలు వంగి చూసింది. నిజమే. వేళ్లను అంటుకున్న మట్టిలో సాలెపోగుల్లాంటి తెల్లటి దారాలు.

"ఇది రోగమా మామా?"

"రోగం కాక పెళ్లికూతురి ముసుగా? వేళ్లు వాగులో కడిగి మరీ నాటు. చేను నేను మోకాలి లోతు తిరగేస్తాను. ఆ ఆకుచెత్తంతా ఊడ్చి అవతల పారెయ్."

పక్కనే నారు కట్టలు కడుతున్న ముసలి ఏదుపంది తలెత్తింది. "కడగొద్దు పిల్లా. ఆ దారాలున్న వేరు గట్టి వేరు."

"నీకెలా తెలుసు?" అంది పంది.

"తిని తెలుసుకున్నాను. ఈ కోనలో నేను కొరకని వేరు ఏది?"

పంది పొట్ట అదిరేలా నవ్వింది. "విన్నావా! వేళ్లు కొరికే దొంగ వేళ్లకు వైద్యం చెబుతోంది!"

కుందేలుకు ఏమీ పాలుపోలేదు. ఒకటి నేలను దున్నేది. ఒకటి వేళ్లను తినేది. ఎవరి మాట వినాలి? గట్టిగా అరిచినవాడి మాటే నిజమనిపించే పాడు లోకం కదా ఇది. కుందేలు నారు మోసుకుని వాగుకు పోయింది.

చాలా కట్టలు కడిగి నాటింది. ఇంతలో వాన విరుచుకుపడింది. వాగు పొంగింది. మిగిలిన కట్టలను కడిగే దారి లేదు. పంది ఇంకా తిరగెయ్యని మూల ఒకటి ఉంటే, అక్కడి ఆకుచెత్తలోనే ఆ నారును మట్టితో సహా గుచ్చేసింది. "పోతే ఈ మూలే పోతుందిలే" అనుకుంది.

ఆ తర్వాత వాన ముఖం చాటేసింది. రోజురోజుకూ నేల బీటలు తీసింది. లోతుగా తిరగేసిన చోట, కడిగి నాటిన చోట పైరు పసుపురంగుకు తిరిగి వాలిపోయింది. వదిలేసిన మూలలో మాత్రం నిగనిగలాడుతోంది!

కుందేలుకు బుర్ర తిరిగిపోయింది. అదే నారు, అదే ఎండ. ఎవరి దిష్టి అయినా తగిలిందా అనుకుంది. మూలలో ఏదైనా ఊట ఉందేమోనని తవ్వి చూసింది. ఊట లేదు. వేళ్ల నిండా తెల్లబూజు ఉంది. వాడిపోతున్న మొక్కను తవ్వింది. దాని వేళ్లు కడిగిన ముత్యంలా ఉన్నాయి. రోగమున్న చోట ఆరోగ్యం, శుభ్రమున్న చోట చావు!

"అమ్మా, మనం పని చెయ్యకపోతే పంట బాగా వస్తుందా?" అంది చిన్నపిల్ల ఆశగా.

"నోరు మూసుకుని నీళ్లు మొయ్యి" అంది కుందేలు. కానీ దానికీ అదే అనుమానం పట్టుకుంది.

అప్పుడే పంది వచ్చింది. మూల చూసి గంతేసింది. "అదుగో! ఆ బూజే నీ చేనంతా చెరుస్తోంది. జరుగు, పెకలించి పారేస్తాను." మూతి నేలకు ఆనించింది.

పంది మాట నిజమైతే చేనంతా పోతుంది. అబద్ధమైతే మిగిలిన ఈ కాస్తా పోతుంది. అయినా కుందేలు వెళ్లి పంది మూతికి అడ్డంగా నిలబడింది.

"వద్దు మామా."

"నీకేం తెలుసే?"

"ఏమీ తెలియదు. కానీ చస్తున్నదాని కోసం బతికున్నదాన్ని పీకనివ్వను."

"అయితే ఇక నీ చేలో అడుగు పెట్టను."

"పెట్టకు."

పంది విసవిసా వెళ్లిపోయింది. కుందేలు ఏదుపంది దగ్గరికి పోయింది. "అత్తా, నాకు తల పగిలిపోతోంది. ఆ బూజు చుట్టమా, శత్రువా?"

"వేరు ఎంత సన్నదైనా మట్టి సందులన్నిటిలోకీ దూరలేదు" అంది ఏదుపంది. "ఆ దారం దూరుతుంది. దూరం నుంచి తడి, సారం తెచ్చి వేరుకిస్తుంది. వేరు దానికి తన తీపి రసం పెడుతుంది. అదీ బదులు పనే. లోతుగా తిరగేస్తే దారాలు తెగిపోతాయి."

"అయితే బూజంతా మంచిదేనా?"

"ఎవరన్నారు? వేరు నల్లబడి, మెత్తబడి, కంపు కొడితే అది కుళ్లు. అది నేనూ ముట్టను. కళ్లతో చూడు, ముక్కుతో చూడు. అరుపులు విని చూడకు."

కుందేలుకు సగమే అర్థమైంది. ఆ సగంతోనే పని మొదలుపెట్టింది. మూలలోని మొక్కలు కదలకుండా, వాటి పక్కనుంచి వేళ్లూ దారాలూ ఉన్న మట్టి కొంచెం కొంచెం తీసింది. వాడిన మొక్కల వేళ్లకు తగిలేలా పెట్టింది. పారేసిన ఆకుచెత్త పిల్లలతో మోయించి పైన కప్పింది. అన్ని మొక్కలూ బతకలేదు. బతికినవి మాత్రం, నాలుగు చినుకులు పడేసరికి లేచి నిలబడి వెన్నులు వేసి గింజ పట్టాయి. పిల్లలకు ఎండాకాలం గడిచేటన్ని రాగులు పండాయి.

పంది చేను అందరికన్నా లోతుగా తిరగేసిన చేను. అందరికన్నా ముందు అదే ఎండింది. కళ్లంలో కుందేలు రాగులు తూర్పారబడుతుంటే పంది డొక్కలు ఎగరేసుకుంటూ వచ్చింది.

"ఏ మందు వేశావే కుందేలమ్మా?"

కుందేలు దోసెడు రాగులు పోసింది. పక్కన తెల్లదారాల మట్టిపెళ్ల ఒకటి పెట్టింది. "ఇదే మామా. నీ నారు వేళ్ల దగ్గర పెట్టు. లోతుగా తిరగెయ్యకు."

పంది మట్టిపెళ్లను వాసన చూసి ముఖం చిట్లించింది. రాగులు తినేసింది. మట్టిని అక్కడే వదిలేసి పోయింది.

మరుసటి ఏడూ అది తన చేను మోకాలి లోతే తిరగేసింది, అక్కడ గడ్డిపోచ కూడా మొలవలేదు. అడవిదుంపలు వెతుక్కుంటూ అది కోన విడిచిపోయింది.

నీతి: అర్థం కానిదల్లా రోగం కాదు, పీకే ముందు అది ఏం పని చేస్తోందో చూడు.