రాజుగారి రాహుకాలం, ఎలియాజరు శనివారం

సముద్రపు ఒడ్డున ఒకానొక రాజ్యం. దాన్నేలే విజయకేసరికి కోపం ముక్కు మీదే ఉండేది. ఆ మాట ఆయన మొహం మీదే అనగలిగినవాడు ఆస్థాన విదూషకుడు సూరుభొట్లు ఒక్కడే.

ఒక శనివారం పొద్దున్న రాజుగారు రేవు వీధిలో యూదు వర్తకుడు ఎలియాజరు ఇంట్లోకి నేరుగా వచ్చేశాడు. వెంట సూరుభొట్లు, రాయసగాడు ఉన్నారు.

"రాణిగారికి పగడాల దండ కావాలి. వెల చెప్పు."

ఎలియాజరు చేతులు జోడించాడు. "ఈవేళ మా విశ్రాంతి దినం, ప్రభూ. నిన్న పొద్దుగూకింది మొదలు ఈ సాయంత్రం చుక్కలు పొడిచేదాకా కొనం, అమ్మం, సొమ్ము ముట్టం. బేరం మాటే ఎత్తం. కూర్చోండి, మజ్జిగ పుచ్చుకుందురు గాని."

"నేనొచ్చి అడిగితే బేరం లేదంటావా? సోమరితనానికి దేవుడి పేరొకటా! ఇవాళే ఓడెక్కి నా రాజ్యం విడిచిపో!"

ఎలియాజరు మొహం పాలిపోయింది. "తల్లి మంచాన ఉంది, ప్రభూ. ఆవిణ్ణి తీసుకుని ఎక్కడికి పోను?"

సూరుభొట్లు ముందుకొచ్చాడు. "పోవలసిందే! ఉత్త మాటెందుకు ప్రభూ, తాటాకు మీద రాయించి ముద్ర వేయండి."

రాయసగాడు రాయబోయాడు. గంటం మొద్దుగా ఉందని సూరుభొట్లు ఒకసారి, రాజుగారి బిరుదొకటి తప్పిపోయిందని ఇంకోసారి మళ్లీ రాయించాడు. బిరుదులంటే రాజుగారికి ప్రాణం, కాబట్టి ఓపిక పట్టాడు. అంతా అయ్యాక సూరుభొట్లు వాకిట్లో నీడ చూసి, ముద్ర అందించాడు.

రాజుగారూ నీడ చూశాడు. "ఛీ ఛీ! రాహుకాలం వచ్చేసింది. ఇప్పుడు ముద్ర వెయ్యను, గడప దాటను."

"రాచకార్యం ఆగిపోదూ?" అన్నాడు సూరుభొట్లు.

"ఆగితే ఆగనీ! తాతల నాటి పట్టింపు."

"అయితే ఈయన్ని ఎందుకు పొమ్మంటున్నట్టు, ప్రభూ? రాహుకాలమని తమరు రోజూ కాస్త కాస్త కొలువు మూస్తారు. ఈయన వారానిదంతా పోగేసి ఒకేసారి కొట్టు మూస్తాడు. తేడా అంతేగా!"

రాజుగారు పకపకా నవ్వి ఆ తాటాకు చింపేశాడు. వేలి ఉంగరం తీసి ఎలియాజరుకి ఇవ్వబోయాడు.

"క్షమించాలి, ప్రభూ. ఈవేళ బంగారం పుచ్చుకోను."

"నాకే పట్టింపూ లేదు!" అంటూ సూరుభొట్లు చెయ్యి చాపాడు.

అప్పటికి గుర్తొచ్చి రాజుగారు ఉంగరం గుప్పిట్లో పెట్టుకున్నాడు. "రాహుకాలంలో దానమా? కూర్చోవోయ్!"

గడప దాటని రాజుగారు, ఉంగరం మీద ఆశ వదలని సూరుభొట్లు, బేరం మాట్లాడని ఎలియాజరు ముగ్గురూ కూర్చుని మజ్జిగ తాగారు. రాహుకాలం వెళ్లగానే ఉంగరం సూరుభొట్లు వేలికెక్కింది. చుక్కలు పొడిచాక పగడాల వెల అడగడానికి రాజుగారు మళ్లీ వచ్చాడు. ఈసారి తలుపు తట్టి మరీ లోపలికొచ్చాడు.