కోడలి విస్తరి

కోటిలింగంగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడెవరైనా ప్రశ్న అడిగితే సన్నాయి పక్కన పెట్టి, నోట పెట్టి ఊదే దాని పీక తుడుచుకుంటూ కూర్చునేవారు తప్ప జవాబు చెప్పేవారు కాదు. ఆ జవాబు ఎప్పుడో, ఏ పెళ్ళిపందిట్లోనో, సంబంధం లేని మూడో మనిషి నోటినుంచి ఊడి శిష్యుడి నెత్తిన పడేది. అందుచేత తెలివైన శిష్యులు ఆయన్ని ఏమీ అడిగేవారు కాదు. మాల్యాద్రి అడిగాడు.

"గురువుగారూ, రాగం తెలుసు, వేళ్ళు నడుస్తాయి. ఊపిరే సగంలో చేతులెత్తేస్తోంది. నా సాధనలో లోపం ఎక్కడుందండీ?"

మాల్యాద్రి తనను వెక్కిరించే అవకాశం ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు, ఆ పని ముందుగా తనే చేసుకునేవాడు. మొన్నటి పెళ్ళిలో ఇతని ఆలాపన మధ్యలో తెగిపోయేసరికి, తాళి కట్టేశారేమోనని డోలు అతను గట్టిమేళం అందుకున్నాడు. జనం అక్షింతలు వేసేశారు. పెళ్ళికొడుకు అప్పటికి ఇంకా కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆ కథ ఊరంతా తిరిగి చెప్పింది మాల్యాద్రే. రెండు మెట్లెక్కితే గుండె దడదడలాడుతోందని టౌనుకు వెళ్తే, డాక్టరు గొట్టం పెట్టి విని, "నీ గుండె నీకంటే ముసలిదయ్యా" అన్నాడు. "అయితే ఇకనుంచి దాన్ని అండీ అని పిలుస్తాను" అని చెప్పి వచ్చాడు. ఆ రాత్రి మాత్రం నిద్రపోలేదు. సన్నాయి మానెయ్యమని కూడా డాక్టరు అన్న మాట ఎవరికీ చెప్పలేదు.

కోటిలింగంగారు పీక తుడిచి, తుడిచి, చివరికి అన్నారు.

"మీ ఆవిడకి ఏడో నెల కదూ. శ్రీమంతం ఎప్పుడు?"

తన ప్రశ్న ఎప్పటిలాగే గాలికి పోయిందనుకున్నాడు మాల్యాద్రి.

శ్రీమంతం నాడు మేళమంతా డబ్బు పుచ్చుకోకుండా వచ్చింది. మాల్యాద్రి భార్య తిరుపతమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మోచేతుల దాకా గాజులు తొడిగారు. గాజులు మాటిమాటికీ మణికట్టు మీదికి జారిపోతున్నాయి. చెయ్యి అంత సన్నగా ఉంది. కడుపు చలవ కోసమని పుట్టింటివాళ్ళు తెచ్చిన చలిమిడి వచ్చినవాళ్ళందరికీ తలో ముద్దా పంచారు. ఎవరి కడుపు చలవకు తెచ్చారో ఆ మనిషికి మాత్రం శాస్త్రానికి నాలుకకు రాశారు.

తరవాత భోజనాలు. మాల్యాద్రి తల్లి పేరమ్మ వడ్డనకు పెట్టింది పేరు. వద్దు వద్దని విస్తరి మీద చేతులు అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తుంది. అలాంటి చెయ్యి కోడలి విస్తరి దగ్గరికి వచ్చేసరికి ముడుచుకుపోయింది. పిడికెడు అన్నం, ఒక బూరె ముక్క.

"అదేంటి వదినా, కాకికి పెట్టినట్టు పెట్టావు?" అంది పక్క విస్తరి ముందున్న ముత్తయిదువ.

"నీకేం తెలుసు, ఊరుకో! లోపల బిడ్డ లావెక్కితే కాన్పప్పుడు చచ్చేది ఎవరు? వీడు కడుపులో ఉన్నన్నాళ్ళూ నేను ఒంటిపూట గంజితో గడిపాను. పావురాయి పిల్లంత ఉన్నాడు. రెండు నొప్పులకే జారి వచ్చాడు" అంది పేరమ్మ గర్వంగా.

కోటిలింగంగారు తన విస్తరి మీదినుంచి తల ఎత్తారు.

"పుట్టగానే గట్టిగా ఏడ్చాడా అక్కా?"

"ఏడుపా! ఒళ్ళంతా నీలంగా ఉంటే మంత్రసాని కాళ్ళు పట్టి తలకిందులు చేసి చరిచింది గురువుగారూ. అప్పుడొక్కసారి పిల్లికూనలా మూలిగి ఊరుకున్నాడు. పాలు కూడా ఆగి ఆగి తాగేవాడు. అంత నెమ్మదస్తుడు నా కొడుకు!"

పందిరంతా నవ్వింది. ఇలాంటి చోట అందరికంటే ముందు నవ్వేది మాల్యాద్రే. అప్పటికే ఒక ఛలోక్తి అతని నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అది అక్కడే ఎండిపోయింది. అతను గురువుగారి వైపు చూశాడు. ఆయన తల వంచుకుని మజ్జిగన్నం కలుపుకుంటున్నారు.

పదిరోజుల కిందట, బియ్యం డబ్బా దగ్గర తిరుపతమ్మ గోడవైపు తిరిగి పచ్చి బియ్యం నములుతుంటే అతను చూశాడు. చూసి, ఇంట్లో కోడిని పెంచుతున్నానని మేళంలో అందరికీ చెప్పి నవ్వించాడు. డోలు అతను పొట్ట పట్టుకున్నాడు.

మాల్యాద్రి ఒళ్ళో ఉన్న సన్నాయి కింద పెట్టాడు. అన్నం గిన్నె ఎత్తుకుని వెళ్ళి భార్య విస్తరిలో గరిటెడు పెట్టాడు. రెండో గరిటె సగంలో ఉండగా పేరమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"ఒరే, మా అక్కని నువ్వు చూడలేదురా." గొంతు తగ్గించి చెబుతోంది. ఇంతసేపూ పందిరి అదిరేలా మాట్లాడిన మనిషి ఈమేనా అన్నట్టుంది. "బిడ్డ తల పెద్దది. మూడు రోజులు అరిచింది. నేను దాని తల పట్టుకునే కూర్చున్నాను. ఇద్దర్నీ ఒకే చాపలో చుట్టి తీసుకెళ్ళారు. ఈ పిల్లకి అట్లా అయితే ఏం చేస్తావు?"

 గిన్నె పట్టుకుని నిలబడినందుకే అతని ముసలి గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.

"ఏమవుతుందో నాకు తెలీదమ్మా. నాలాంటివాడు ఇంకొకడు మాత్రం వద్దు."

పేరమ్మ చెయ్యి జారిపోయింది. "అంటే, నేనే నిన్ను..." అని మొదలుపెట్టి, పూర్తి చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు.

తిరుపతమ్మ వంటింటి గుమ్మం కేసి ఒకసారి చూసింది. తరవాత తల వంచి తినడం మొదలుపెట్టింది. ఎవరో వచ్చి విస్తరి లాగేసుకుంటారన్నట్టు గబగబా తింది. ముత్తయిదువలు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు.

మాల్యాద్రి వచ్చి గురువుగారి పక్కన చతికిలబడ్డాడు. ఊపిరి అందడానికి కొంతసేపు పట్టింది.

"మరి నా సంగతేంటండీ? ఇంకా సాధన చేస్తే..."

కోటిలింగంగారు శిష్యుడి సన్నాయి తీసి అతని చేతిలో పెట్టారు.

"నువ్వు పుట్టకముందు అడగాల్సిన మాట, ఆలస్యంగా అడిగావు నాయనా. వాయించు, వచ్చినంతవరకూ. అమ్మాయి తింటోంది."