నీరు తీసే మాత్ర

సువార్తమ్మ మళ్ళీ వచ్చిందని నర్సు చెప్పగానే డాక్టర్ శ్రీకర్‌కు కోపం వచ్చింది. నాలుగు నెలల్లో ఇది మూడోసారి.

వార్డులోకి వెళ్ళి చూశాడు. ఆమె మంచం మీద కూర్చుని, రెండు చేతులూ ముందుకు ఆనించి, నోటితో గాలి లాక్కుంటోంది. పడుకోబెడితే ఊపిరాడదు. కాళ్ళు మోకాళ్ళ దాకా ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. మెడ పక్కన నరం తాడులా లేచి ఉంది. పరీక్షలు చెయ్యకముందే సంగతి తెలిసిపోయింది. గుండె సరిగా తోడలేకపోతోంది. నీరు వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో చేరింది.

ఆక్సిజన్ పెట్టించాడు. నీరు తీసే ఇంజెక్షన్ చేయించాడు. మూత్రానికి గొట్టం వేయించాడు. మధ్యాహ్నానికి ఆమె ఆయాసం కొంచెం దిగింది. అతని కోపం దిగలేదు.

సువార్తమ్మ జబ్బును కనిపెట్టింది అతనే. అంతకుముందు ఏడాదిపాటు చూసినవాళ్ళందరూ ఆమెకు ఉబ్బసం మందులే ఇచ్చారు. నలభై నాలుగేళ్ళ మనిషి, రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళ మధ్య నిలబడి పొట్టు ఒలిచే పని, దగ్గు, ఆయాసం. ఉబ్బసం కాక ఇంకేముంటుంది అనుకున్నారు. శ్రీకర్ అలా అనుకోలేదు.

"పడుకున్నప్పుడు ఎన్ని దిళ్ళు పెట్టుకుంటావు?" అని అడిగాడు.

"దిళ్ళు సాలక గోడకి జారబడి కూకునే నిద్దరోతానండి" అంది.

ఆ మాటతో గుండెను చూపించే ఎకో స్కాన్ తీయించాడు. గుండె కండరం సాగిపోయి ఉంది. చెయ్యాల్సిన పనిలో సగం కూడా చెయ్యడం లేదు. మూడు రకాల మాత్రలు రాశాడు. చీటీ కింద పెద్ద డాక్టరు హైమవతి గారు సంతకం చేసి, "బాగా పట్టావు" అన్నారు.

హైమవతి గారు ఆ సముద్రపు ఒడ్డు ఊరి ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నారు. చదువు ముగించుకున్న కుర్ర డాక్టర్లు పని నేర్చుకోవడానికి ఆమె దగ్గరికే వస్తారు. ఆమె మాత్రం ఎవరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పరు. మెచ్చుకోవడం కూడా తక్కువే. అందుకే ఆ రెండు మాటలూ శ్రీకర్‌కు చాలా రోజులు తియ్యగా ఉన్నాయి.

ఇప్పుడు తను బాగుచేసిన మనిషి మళ్ళీ మళ్ళీ పాడై వస్తోంది.

మూడో రోజుకు సువార్తమ్మ తేరుకుంది. శ్రీకర్ ఆమె మందుల సంచి అడిగి తీసుకుని మంచం మీద గుమ్మరించాడు. రెండు రకాల మాత్రలు ఏ రోజువి ఆ రోజుకి అయిపోయి ఉన్నాయి. మూడో రకం, తెల్లవి, దాదాపు కొన్నవి కొన్నట్టే ఉన్నాయి.

"ఇవేంటి?"

"నీరు తీసే మాత్రలండి."

"రోజూ పొద్దున్నే వేసుకోమని చెప్పానా లేదా?"

"సెప్పేరండి."

"మరి?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "మరిసిపోయేనండి."

"మరిచిపోయావా! చచ్చిపోతావు, తెలుస్తోందా? మేం ఇక్కడ కిందా మీదా పడి ప్రాణం నిలబెట్టేది, నువ్వు ఇంటికెళ్ళి మరిచిపోవడానికా?"

వార్డంతా ఇటు తిరిగింది. నేల తుడుస్తున్న ఆయా చేతిలో కర్ర ఆగిపోయింది. సువార్తమ్మ తల దించుకుని, చెల్లాచెదరైన మాత్రల్ని ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకుంది.

శ్రీకర్ నేరుగా హైమవతి గారి గదికి వెళ్ళాడు.

"ఆ సువార్తమ్మని ఇక నేను చూడలేను మేడమ్. చెప్పినమాట వినదు. నీరు తీసే మాత్ర మానేసింది. అడిగితే మరిచిపోయానంటుంది."

హైమవతి గారు రాస్తున్న కాగితం మీంచి తలెత్తారు. "మిగతా రెండూ?"

"అవి వేసుకుంది."

"ఒక్కటీ తప్పకుండా?"

"తప్పకుండా."

"మరి, మరిచిపోయే మనిషికి అవెలా గుర్తున్నాయి?"

"అబద్ధం చెబుతోందని నాకూ తెలుసు మేడమ్. ఉత్త మొండితనం."

"రేపు ఓపీలో నా పక్కన కూర్చో" అని హైమవతి గారు మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టారు.

మరునాడు సోమవారం. తొమ్మిదింటికే ఓపీ వరండా నిండిపోయింది. శ్రీకర్ వచ్చి కూర్చోగానే హైమవతి గారు అతని చేతికి పట్టీ కట్టి బీపీ చూశారు. తర్వాత సొరుగులోంచి ఒక తెల్లమాత్ర తీసి, గ్లాసెడు నీళ్ళతోబాటు ముందు పెట్టారు.

"వేసుకో."

అతను మాత్ర చూసి గుర్తుపట్టాడు. "ఇది నాకెందుకు మేడమ్?"

"వేసుకో. ఓపీ అయ్యేదాకా ఈ కుర్చీలోంచి లేవకు. లేవాల్సి వస్తే నన్నడగాలి. వెళ్ళేముందు బూట్లు, కోటు ఇక్కడే విప్పాలి. వచ్చాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని మళ్ళీ తొడుక్కోవాలి."

ఏదో సరదా పడుతున్నారనుకున్నాడు. నవ్వి మింగాడు.

అరగంటయ్యాక మొదటిసారి అడిగాడు. ఆమె తలూపారు. బూట్లు విప్పి, కోటు విప్పి, వరండా చివరి బాత్రూమ్ దాకా వెళ్ళి వచ్చి, చేతులు కడుక్కుని, అన్నీ తొడుక్కుని కూర్చునేసరికి వరస ఆగి జనం గొణుగుతున్నారు.

ఇంకో ఇరవై నిమిషాలకు మళ్ళీ అడిగాడు.

"ఈ ఆరుగురినీ చూశాక" అన్నారామె.

ఆ ఆరుగురిలో ఒక ముసలాయన తన మోకాలి నొప్పి కథ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. శ్రీకర్ కాలు మీద కాలు వేసుకుని, పళ్ళు బిగించి, ఆయన మాటలకు తలూపుతూ ఒక్క ముక్కా వినలేదు. ఆరో మనిషి లేవగానే పరుగెత్తాడు.

మూడోసారి అడిగినప్పుడు హైమవతి గారు గోడ గడియారం వైపు చూశారు. గదిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా, "మళ్ళీనా?" అన్నారు.

గుమ్మం దగ్గరున్న ఇద్దరు ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. శ్రీకర్ ముఖం ఎర్రబడింది. అడిగినవాడు లేవలేక, లేవకుండా ఉండలేక అలాగే కుర్చీ అంచున కూర్చుండిపోయాడు. తర్వాత వచ్చిన మనిషి గుండెల మీద స్టెతస్కోపు పెట్టాడు కానీ ఏం వినిపించిందో అతనికి తెలియదు. చీటీ మీద ఆ మనిషి వయసు తప్పు రాశాడు. నర్సు దిద్దింది.

చివరికి, "మేడమ్, నా వల్ల కాదు" అన్నాడు.

"వెళ్ళు" అన్నారామె. "వచ్చాక ఇక్కడికి రావద్దు. నీళ్ళు తాగి, వార్డుకి వెళ్ళు. నిన్న నువ్వు అడగాల్సింది ఒకటి ఉండిపోయింది."

వార్డులో సువార్తమ్మ మంచం మీద కాళ్ళు కిందకి వేలాడేసి కూర్చుని ఉంది. అతన్ని చూసి లేవబోయింది. శ్రీకర్ వద్దని సైగ చేసి, పక్కనే ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"షెడ్డులో బాత్రూమ్ ఎక్కడుంది?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. నాలుగు నెలల్లో అలా చూడటం అదే మొదలు.

"ఐసు రూము దాటి అవతలండి. ఎల్లాలంటే బూట్లు, టోపీ, గౌను అన్నీ ఇప్పాలండి. వచ్చేక మందు నీళ్ళల్లో సేతులు ముంచి మళ్ళీ ఏసుకోవాలి. రెండు సార్లెల్తే సూపర్‌వైజరు గడియారం సూత్తాడండి. మూడోసారికి గేటు బయటికే."

"ఆ మాత్ర వేసుకుంటే ఎన్నిసార్లు?"

"లెక్క లేదండి." ఆమె గొంతు తగ్గించింది. "మొదట్లో మీరు సెప్పినట్టే పొద్దున్నే ఏసుకుని ఎల్లేనండి. ఓ రోజు ఆపుకోలేక నిలబడ్డ సోటే అయిపోయింది. బూట్లలోకి పోయిందండి. కింద ఎలాగూ నీళ్ళే కదా, ఎవరూ సూళ్ళేదు. సాయంత్రం దాకా అలాగే నిలబడి ఒలిసేను. ఆ రోజు నించి ఏసుకోలేదండి."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు మగోరు కదండీ. సెప్పుకోడానికి నోరు రాలేదు."

శ్రీకర్ జేబులోంచి పెన్ను తీశాడు. "షెడ్డు వాళ్ళకి ఉత్తరం రాసిస్తాను. నీకు గుండె జబ్బుందనీ, అడిగినప్పుడల్లా పంపించాలనీ."

ఆమె గబుక్కున అతని చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. "వద్దండి బాబుగారూ. జబ్బని తెలిస్తే తీసేత్తారు."

శ్రీకర్ పెన్ను దించాడు. "పనినుంచి ఎన్నింటికి వస్తావు?"

"మూడున్నరకి ఇంటికాడుంటానండి."

అతను మందుల చీటీ తీసుకుని 'ఉదయం' అన్న మాట కొట్టేశాడు. 'సాయంత్రం నాలుగింటికి' అని రాశాడు.

"సాయంత్రం ఏసుకోవచ్చాండీ?"

"వేసుకోవచ్చు."

"అదేదో ముందే సెప్పేరు కాదు" అంది సువార్తమ్మ. నిష్ఠూరంగా అనలేదు. ఊరికే అంది.

ఆమె ఆ వారమే ఇంటికి వెళ్ళింది. నెల తిరిగాక పరీక్షకు వచ్చింది. కాళ్ళ వాపు పోయింది. వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నానని చెప్పి నవ్వింది. రెండో నెలలో వచ్చినప్పుడు ఆసుపత్రి మెట్లు ఆగకుండా ఎక్కానని చెప్పింది. గుండె మాత్రం అంతకుముందు కంటే ఇంకొంచెం సాగి ఉందని ఎకోలో తేలింది. ఆ సంగతి శ్రీకర్ ఆమెకు చెప్పలేదు.

మూడో నెల ఆమె రాలేదు. ఆమె కూతురు కరుణ వచ్చింది. పందొమ్మిదేళ్ళుంటాయి. ఓపీ గదిలో శ్రీకర్, హైమవతి గారు ఇద్దరూ ఉన్నారు.

"మా అమ్మ పోయిందండి. పదకొండు రోజులైంది" అంది. "షెడ్డులో ఒలుత్తా ఒలుత్తానే కూలిపోయిందంట. ఆయాసం కూడా రాలేదంట."

శ్రీకర్ ఆమెకు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ నీరు తీసే మాత్ర రోజూ ఏసుకుందండి. నాలుగవ్వగానే నేనే నీళ్ళిచ్చేదాన్ని. ఒక్క రోజు కూడా మానలేదు. అది మీకు సెప్పాలని వచ్చేను."

చెప్పి వెళ్ళిపోతుందనుకున్నాడు. ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

"డాట్రుగారూ, మొదట్నించీ సాయంత్రం ఏసుకోమని రాసుంటే మా అమ్మ ఉండేదాండి?"

వెక్కిరింపు లేదు, ఏడుపు లేదు. తెలుసుకోవాలని అడిగింది.

"కొంచెం బయట కూర్చోమ్మా" అన్నాడు శ్రీకర్.

ఆమె బయటికి వెళ్ళాక అతను హైమవతి గారి వైపు తిరిగాడు. "ఏం చెప్పను మేడమ్?"

హైమవతి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ ముఖం ఒక్కసారిగా ముసలిదై కనిపించింది.

"మొదటి చీటీ మీద ఉదయం అని రాసింది నువ్వు. కింద సంతకం నాది. ముప్ఫై ఏళ్ళుగా ఆ షెడ్ల ఆడవాళ్ళని చూస్తున్నాను. ఆ రోజు నేనూ అడగలేదు."

బయట ఎవరో దగ్గుతున్నారు.

"ఆ గుండె అప్పటికే బాగా చెడిపోయింది కదా మేడమ్" అన్నాడు శ్రీకర్. "ఏం చేసినా ఆగేది కాదని చెబుదామా? ఆ పిల్లకి కొంచెం ఊరటగా ఉంటుంది."

"ఎవరికి?"

అతను తల దించుకున్నాడు.

"ఆగేది కాదని నీకు తెలుసా?"

"తెలియదు మేడమ్."

"అయితే వెళ్ళి ఆ మాటే చెప్పు."

శ్రీకర్ లేచి వరండాలోకి వెళ్ళాడు. రోగులు కూర్చునే బల్ల మీద, కరుణ పక్కన కూర్చున్నాడు. "నాకు తెలియదమ్మా" అన్నాడు. "ఉండేదేమో. నేను అడగాల్సింది అడగలేదు."

కరుణ చాలాసేపు అతని వైపే చూసింది. కొంతసేపటికి లేచి, చెప్పులు తొడుక్కుని, "షెడ్డులో అమ్మ సోట్లో నన్ను ఎట్టుకున్నారండి. బండి టైమైంది" అని వెళ్ళిపోయింది.

అతను ఆ బల్ల మీద అలాగే కూర్చుని ఉన్నాడు. లోపల్నుంచి హైమవతి గారు చూశారు. పిలవలేదు. తనే లేచి గుమ్మం దాకా వచ్చి, తర్వాతి మనిషిని లోపలికి తీసుకువెళ్ళారు.