గూడెవరిదో ముందే అడిగిన గిజిగాడు

తుమ్మలకోన అనే అడవిలో నక్కలు, నెమళ్లు, కుందేళ్లు ఉండేవి. వాటితో మనకిప్పుడు పనిలేదు. అక్కడి వాగు మీదికి వంగిన తుమ్మచెట్టుకు గిజిగాళ్లు గూళ్లు కట్టుకునేవి. కింద వాగులో బండయ్య అనే ముసలి తాబేలు ఉండేవాడు.

గిజిగాళ్లకు ఒక ఆచారం ఉంది. మగపక్షి గడ్డిపోచలతో సగం గూడు అల్లి పిలుస్తుంది. ఆడపక్షి లోపలికి దూరి చూసి, నచ్చితేనే పెళ్లికి ఒప్పుకుంటుంది. ఆ తర్వాత అల్లకం పూర్తిచేసేది మగపక్షి, లోపల మెత్తగా పరుపు వేసేది ఆడపక్షి.

బండయ్య విసుగంతా ఆ తర్వాతి సంగతి మీదే. ఏటా వానల్లో ఏదో ఒక జంట పోట్లాడుకునేది. అల్లింది నేనని ఒకరు, పరిచింది నేనని ఒకరు చెరోవైపు లాగేవారు. గూడు చిరిగి గుడ్లు వాగులో పడేవి. అప్పుడు ఇద్దరూ ఏడుస్తూ తీర్పు కోసం బండయ్య దగ్గరికే వచ్చేవారు. మునిగిపోయిన గుడ్లకు ఏం తీర్పు చెప్పాలి? పెళ్లికి ముందే ఒక మాట అనుకోండర్రా అని చెప్పీ చెప్పీ ఆయన గొంతు అరిగిపోయింది.

ఒక ఏడాది నూకాలు అనే ఆడ గిజిగాడు ఆ మాట చెవిన పెట్టింది. పోయిన వానల్లో దాని అక్క గుడ్లు అలాగే పోయాయి మరి.

నూకాలు ముందుగా బంగారయ్య గూటికి వెళ్లింది. అడవిలో అంత అందమైన గూడు లేదు. ఆ సంగతి బంగారయ్యే అందరికీ చెప్పేవాడు.

"గూడు బాగుంది. రేపు మనకు పడకపోతే ఇది ఎవరిది?" అని అడిగింది నూకాలు.

బంగారయ్య మెడ రిక్కించాడు. "పెళ్లి మాటలప్పుడు విడిపోయే మాటలేమిటి? నామీద నమ్మకం లేనిదానివి ఎందుకొచ్చావు?"

"నమ్మకం ఉండబట్టే అడుగుతున్నాను. లేకపోతే అడక్కుండానే పోదును."

అడిగినదానికి జవాబు చెప్పరా నాయనా అన్నాడు కింద నుంచి బండయ్య.

"ఇల్లు వీపుమీద మోసుకు తిరిగేవాడివి, గూటి సంగతి నీకెందుకు తాతా?" అన్నాడు బంగారయ్య.

నూకాలు పక్క కొమ్మ మీది రెల్లయ్య దగ్గరికి వెళ్లింది. అతని గూడు కాస్త వంకర. అదే ప్రశ్న అడిగితే, అతను గడ్డిపోచ ముక్కున పట్టుకుని పొద్దెక్కేదాకా ఆలోచించాడు. కొందరికి ఆలోచన నెమ్మది, అదేమీ తప్పు కాదు.

"గుడ్లున్నంతకాలం గూడు గుడ్లది" అన్నాడు చివరికి. "కోపమొచ్చినవాళ్లే బయటికి పోవాలి. మేత మాత్రం ఇద్దరం తేవాలి. పిల్లలు ఎగిరాక గూడు నాది, పరుపు నీది."

నూకాలు సరేనంది. బండయ్యను సాక్షిగా పెట్టుకుని ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. బంగారయ్యకు కూడా ఇంకో పెళ్లికూతురు దొరికింది. అది ఏమీ అడగలేదు. అతను ఏమీ చెప్పలేదు.

వానలొచ్చాయి. గూటి మూతి దగ్గర కూర్చుని ఎవరు తడవాలి అని బంగారయ్య జంటకు తగాదా వచ్చింది. కాసేపటికి గూడు ఎవరిది అనే దాకా వెళ్లింది. వద్దురా, వద్దే అని బండయ్య కింద మొత్తుకుంటూనే ఉన్నాడు. వాళ్లు చెరోవైపు లాగారు. అంత అందమైన గూడూ రెండు ముక్కలై, గుడ్లతో సహా వాగులో కొట్టుకుపోయింది.

నూకాలు, రెల్లయ్య కూడా పోట్లాడుకున్నారు. పోట్లాడుకోని మొగుడూ పెళ్లాలను బండయ్య తన ఇంత బతుకులో చూడలేదు. కోపమొచ్చిన రెల్లయ్య బయటికి వెళ్లి ముళ్లకొమ్మ మీద వానలో తడుస్తూ కూర్చున్నాడు. గూటిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. తెల్లారి అతను మేత తెచ్చాడు. నూకాలు మొహం తిప్పుకునే అందుకుంది. కొన్నాళ్లకు పిల్లలు చక్కగా ఎగిరిపోయాయి.

బంగారయ్య తీర్పు కోసం వాగు ఒడ్డుకు వచ్చాడు. "తాతా, ఆ గూడు నాదేనని నా పెళ్లానికి చెప్పు."

బండయ్య పారే నీళ్లవైపు చూశాడు.

"ఏ గూడు నాయనా?" అన్నాడు.

నీతి: విడిపోతే ఎవరికేమిటన్నది ప్రేమగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి. కోపం వచ్చాక ఆ మాట ఎవరికీ వినపడదు.