హస్తవాసి ఎవరిది?

అనగా అనగా, టీకా అన్న మాట ఇంకా పుట్టని కాలంలో, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊరి చివర మేదర వీధి. ఆ వీధిలో చివరి ఇల్లు గైరమ్మది. బుట్టలు అల్లేది. ఇద్దరు కొడుకుల్ని మశూచి తీసుకుపోయింది. ఆ పేరెత్తడానికి భయపడి అందరూ దాన్ని అమ్మవారు అనేవాళ్ళు. గైరమ్మకి మిగిలింది ఒక్క కూతురు, పైడి.

ఆ ఊరి వైద్యుడికి ఒక ఉపాయం తోచింది. ఎండిన పొక్కుల పొడిని చేతి మీద గాటు పెట్టి అద్దితే, జబ్బు కొంచెంగా వచ్చి పోతుంది, మళ్ళీ రాదు అన్నాడు.

"మా పిల్లల మీద వద్దు. ముందు ఎవరి మీదన్నా చూడు" అన్నాడు కోటలో దొర.

ఎవరి మీదన్నా! ఆ ఎవరన్నా కోటలో ఎప్పుడైనా ఉంటారా? చివరి వీధిలోనే ఉంటారు.

"నా సెయ్యుంది బాబూ. పని సేస్తే నా పైడికి కూడా ఎయ్యండి" అంది గైరమ్మ.

"అలాగే" అన్నాడు వైద్యుడు.

మొదటిసారి పొడి మరీ పాతది. ఏమీ కాలేదు. "నా సెయ్యుంది బాబూ" అంది గైరమ్మ.

రెండోసారి గాటు చీము పట్టింది. కుడిచెయ్యి వాచిపోయింది. తగ్గాక చూస్తే వేళ్ళు ముడుచుకోవు. ఇక వెదురు బద్ద పట్టలేదు, బుట్ట అల్లలేదు. వైద్యుడు తల దించుకున్నాడు. గైరమ్మ ఎడమచెయ్యి చాపింది. "ఇంకో సెయ్యుంది బాబూ."

మూడోసారి పట్టింది. జ్వరం వచ్చింది, నాలుగు పొక్కులు లేచి ఎండాయి. రోగుల పొక్కుల పొడి కన్నా ఇదే మేలని, వాటి పొడి వైద్యుడు భరిణెలో దాచాడు. తర్వాత అమ్మవారు పోసిన ఇళ్ళల్లో తిరిగి రోగుల నోట్లో నీళ్ళు పోసినా గైరమ్మకి ఏమీ కాలేదు.

ఆ మాట కోటకి చేరింది. భటులొచ్చి భరిణె పట్టుకుపోయారు.

"ఒక్క చిటికెడు నా పైడికి ఉంచండి బాబూ."

"ముందు దొరగారి పిల్లలు. తర్వాత వాళ్ళ చుట్టాలు. మిగిలితే చూద్దాం" అన్నాడు వైద్యుడు.

మిగల్లేదు. తన చేతి మీద పండిన మందు తన కూతురికే లేదు! ఆ నెల తిరక్కుండానే పైడికి అమ్మవారు పోసింది. పిల్ల దక్కలేదు. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండిపోతోంది.

కోటలో సభ పెట్టారు. దొర వైద్యుడికి బంగారు కంకణం తొడిగి, "ఏం హస్తవాసి! ఏం హస్తవాసి!" అన్నాడు. అందరూ తలలూపారు. గుమ్మం దగ్గర గైరమ్మ, ముడుచుకోని ఆ కుడిచెయ్యి పైకెత్తింది.

"ఏ సెయ్యి బాబూ?" అంది.

వైద్యుడు కంకణం తీసి కింద పెట్టాడట. పెడితే ఏం? పైడి తిరిగొచ్చిందా?

గైరమ్మ పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు. కానీ ఆ ఊళ్ళో ఈనాటికీ టీకా వేయించుకోడానికి ఎవరొచ్చినా, సర్పంచి మనవడైనా సరే, ఆగాల్సిందే. ముసలమ్మలు అడ్డం నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, "ముందు సివరింటి పిల్లకి" అంటారు. ఆ పిల్లకి వేసేదాకా ఇంకో సూది తియ్యనివ్వరు.